పైపర్స్ గెలిచిన ఏడాది

చిన్న లీగులు, పెద్ద కథలు: 9వ భాగం

గత భాగంలో అమెరికా ఫ్యాక్టరీ బాస్కెట్‌బాల్ జట్ల కథ చెప్పుకున్నాం. అక్రన్‌లో గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ, బార్ట్‌ల్స్‌విల్‌లో ఫిలిప్స్ పెట్రోలియం, పియోరియాలో క్యాటర్‌పిల్లర్. పగలు కంపెనీలో ఉద్యోగం, సాయంత్రం కంపెనీ పేరున్న జెర్సీ. కాళ్లలో సత్తువ తగ్గాక కూడా కూర్చోడానికి ఓ కుర్చీ ఉంటుందన్న ధీమా ఆ ఆటగాళ్లది. 1947లో పుట్టిన ఆ పారిశ్రామిక లీగ్ 1961 నాటికి చివరి రోజుల్లో పడింది. ఆ ఏడాదే డెన్వర్‌లో జరిగిన ఏఏయూ (అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్) జాతీయ టోర్నీని క్లీవ్‌లాండ్ పైపర్స్ అనే జట్టు ఎగరేసుకుపోయింది. కథను అక్కడ ఆపాం.

పైపర్స్‌ను మొదట నడిపింది ఎడ్ స్వీనీ అనే ప్లంబింగ్ వ్యాపారి. 1960లో ఆ జట్టు మీద ఓ 30 ఏళ్ల కుర్రాడి కన్ను పడింది. పేరు జార్జ్ స్టెయిన్‌బ్రెన్నర్. తర్వాతి కాలంలో న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టును కొని, కోచ్‌లను చొక్కాలు మార్చినట్టు మార్చి, అమెరికా అంతా తిట్టుకుంటూనే కళ్లప్పగించి చూసిన ఆ స్టెయిన్‌బ్రెన్నరే. ఇప్పటికి మాత్రం అతను ఈరీ సరస్సు ఒడ్డున ఇనుప ఖనిజం మోసే ఓడల కుటుంబానికి వారసుడు, అంతే. తండ్రి హెన్రీ మహా కచ్చితమైన మనిషి. ఎంఐటీలో చదివే రోజుల్లో హర్డిల్స్ పరుగులో పేరు తెచ్చుకున్నవాడు. కొడుక్కి ఆటల పిచ్చి పట్టుకోవడం ఆయనకు నచ్చలేదు. జార్జ్ అప్పటికే నార్త్‌వెస్టర్న్, పర్డ్యూ యూనివర్సిటీల్లో ఫుట్‌బాల్ సహాయ కోచ్‌గా పనిచేసి, 1957లో తండ్రి పిలుపు మీద ఓడల వ్యాపారంలోకి వచ్చిపడ్డాడు. ఒళ్లు ఆఫీసులో, మనసు మైదానంలో. తండ్రి వద్దన్నా వినకుండా, ఊళ్లోని మరికొందరు డబ్బున్నవాళ్లను కూడగట్టి పైపర్స్‌ను కొనేశాడు.

కొన్నది జట్టునే అయినా, దాంతోపాటు ఓ మనిషి కూడా వచ్చాడు. నన్నడిగితే ఈ భాగానికి అసలు కథానాయకుడు ఆయనే. కోచ్ జాన్ మెక్‌లెండన్.

మెక్‌లెండన్ 1915లో కాన్సస్ రాష్ట్రంలోని హయవాతా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1933లో కాన్సస్ యూనివర్సిటీలో చేరాడు. 1891లో బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ అక్కడే పాఠాలు చెప్పేవాడు. మెక్‌లెండన్‌కు ఆయనే సలహాదారు. ఆట పుట్టించినవాడి దగ్గరే ఆట నేర్చుకున్న ఈ కుర్రాడికి ఆ యూనివర్సిటీ జట్టులో ఆడే వీలు మాత్రం లేదు. కారణం ఒంటి రంగు. 1936లో పట్టా పుచ్చుకుని, ఉత్తర కరోలినాలోని డర్హమ్‌లో నల్లజాతి విద్యార్థుల కాలేజీకి కోచ్ అయ్యాడు.

డర్హమ్‌లో జరిగిన ఓ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1944 మార్చి 12, ఆదివారం. ఊరంతా చర్చిల్లో ఉంది. ఊరికి అటువైపున్న డ్యూక్ యూనివర్సిటీ వైద్య కళాశాల జట్టులో వేరే కాలేజీల్లో ఆడి పేరు తెచ్చుకున్న తెల్ల కుర్రాళ్లున్నారు. రెండు జట్లలో ఏది గొప్పదన్న పంతం మొదలైంది. తెల్లవాళ్లు, నల్లవాళ్లు కలిసి ఒక కోర్టులో దిగితే జైలో, అంతకన్నా ఘోరమో జరిగే రోజులవి. డ్యూక్ కుర్రాళ్లు అరువు కార్లలో సందుగొందులు తిరుగుతూ వచ్చి, మొహాలు కనబడకుండా తల మీదికి కోట్లు లాక్కుని జిమ్‌లోకి దూరారు. తలుపులు లోపలినుంచి బిగించారు. ప్రేక్షకులకు ప్రవేశం లేదు. విషయం తెలిసి కిటికీలకు వేలాడిన కొందరు విద్యార్థులు తప్ప చూసినవాళ్లు లేరు. మొదట్లో ఇరుపక్షాల చేతులూ వణికాయి, పాసులు తప్పాయి. కాసేపటికి మెక్‌లెండన్ కుర్రాళ్లు పరుగందుకున్నారు. స్కోరు 88-44. అక్కడితో అయిపోలేదు. కాస్త ఊపిరి తీసుకుని, ఈసారి రెండు జట్లనూ కలిపేసి, రెండు పక్కలా తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఉండేలా మరో ఆట ఆడుకున్నారు. ఆ ఆదివారం గురించి పత్రికలో ఒక్క ముక్క రాలేదు. లోకానికి తెలియడానికి 1996 దాకా పట్టింది.

ఆ పరుగే మెక్‌లెండన్ ఆయుధం. బంతి చేతికందగానే అవతలి జట్టు సర్దుకోకముందే దూసుకుపోవడం. ‘ఫాస్ట్ బ్రేక్’ను అంత పద్ధతిగా, అంత కఠోరంగా నేర్పినవాళ్లు అప్పట్లో అరుదు. తర్వాత నాష్‌విల్‌లోని టెన్నెసీ ఏ అండ్ ఐ కాలేజీకి మారి 1957, 1958, 1959లలో వరసగా మూడుసార్లు చిన్న కాలేజీల సంఘమైన ఎన్ఏఐఏ జాతీయ టైటిల్ గెలిచాడు. ఏ రంగు కాలేజీ కోచ్ అయినా అలా మూడేళ్లు వరసగా జాతీయ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. ఆ టోర్నీలు జరిగింది కాన్సస్ సిటీలో. తన కుర్రాళ్లకు ఊరి చివర ఎక్కడో కాకుండా, మిగతా జట్లలాగే ఊరి నడిబొడ్డున హోటల్లో గదులిస్తేనే వస్తామని పట్టుబట్టి సాధించుకున్నాడు. కాన్సస్ సిటీ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

ఇలాంటి మనిషిని 1959లో క్లీవ్‌లాండ్ తెచ్చుకుంది. ఎన్‌బీఏలో నల్లజాతి హెడ్ కోచ్ కనబడటానికి 1966లో బిల్ రసెల్ దాకా ఆగాల్సి వచ్చిందంటే, క్లీవ్‌లాండ్ ఎంత ముందుగా అడుగేసిందో ఊహించుకోవచ్చు.

ఇక పైపర్స్ చేరిన కొత్త లీగ్ సంగతి. హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ యజమాని ఏబ్ సేపర్‌స్టీన్ పొట్టి మనిషి, పట్టుదల మాత్రం పెద్దది. ఎన్‌బీఏ మ్యాచ్‌లకు జనం రాని రోజుల్లో తన గ్లోబ్‌ట్రాటర్స్‌ను ముందు ఆడించి హాళ్లు నింపిపెట్టిన మనిషి. ఆ సాయానికి బదులుగా లాస్ ఏంజెలెస్ ఫ్రాంచైజీ తనకే వస్తుందని నమ్మాడు. 1960లో మినియాపొలిస్ లేకర్స్‌ను అక్కడికి తరలించి ఎన్‌బీఏ ఆయన చేతికి చిప్ప ఇచ్చింది. ఆ ఉక్రోషంలోంచి పుట్టిందే అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్, పొట్టిగా ఏబీఎల్. 1961 అక్టోబరులో ఎనిమిది జట్లతో మొదలైంది: క్లీవ్‌లాండ్, పిట్స్‌బర్గ్, షికాగో, వాషింగ్టన్, కాన్సస్ సిటీ, లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, ఆపైన సముద్రం మధ్యలో హవాయి. హవాయి వెళ్లిన జట్టు ఒక్క ఆటతో తిరిగిరాదు. విమానం ఖర్చు గిట్టాలి కదా, అక్కడే మకాం వేసి వరసగా ఆడేవాళ్లు. వాషింగ్టన్ జట్టు వెనక ఉన్నది అతుకు టేపులు తయారుచేసే కంపెనీ, అందుకే దాని పేరు టేపర్స్. ఆ జట్టు సీజన్ మధ్యలోనే మూటాముల్లె సర్దుకుని న్యూయార్క్ చేరింది.

సేపర్‌స్టీన్ తెచ్చిన కొత్త నిబంధనల్లో ఒకటి ఇవాళ ప్రపంచమంతా ఏలుతోంది. బుట్టకు 25 అడుగుల దూరాన ఒక గీత గీయించి, దాని అవతలినుంచి వేస్తే 2 బదులు 3 పాయింట్లన్నాడు. ఎన్‌బీఏ అప్పుడు ఎగతాళి చేసి, 1979లో తానే ఆ గీత గీసుకుంది. షికాగో తరఫున టోనీ జాక్సన్ ఒకే ఆటలో 12 సార్లు ఆ గీత అవతలినుంచి బుట్టలో వేశాడు. ఆ టోనీ జాక్సన్ ఎన్‌బీఏలో ఎందుకు లేడన్నది వేరే కథ. 1961లో బయటపడ్డ కాలేజీ జూద కుంభకోణంలో పేరు వినబడ్డవాళ్లందరినీ, నేరం రుజువైనా కాకపోయినా, ఎన్‌బీఏ గడప తొక్కనివ్వలేదు. పిట్స్‌బర్గ్‌కు ఆడిన 19 ఏళ్ల కానీ హాకిన్స్‌దీ అదే గతి. ఆ ఏడాది ఏబీఎల్ ఉత్తమ ఆటగాడు అతనే. వెలివేసినవాళ్లు, నల్లజాతివాళ్లకు రాతలో లేని కోటా పెట్టుకున్న ఎన్‌బీఏలో చోటు దొరకనివాళ్లు, జీతం చాలక వచ్చినవాళ్లు, అందరూ ఈ గొడుగు కిందికి చేరారు.

క్లీవ్‌లాండ్ జట్టు కూర్పులో మెక్‌లెండన్ చెయ్యి స్పష్టంగా కనబడుతుంది. జాన్ బార్న్‌హిల్, బెన్ వార్లీ టెన్నెసీ కాలేజీ నుంచి వచ్చినవాళ్లే. లారీ సీగ్‌ఫ్రీడ్ ఒహాయో స్టేట్ కెప్టెన్. 1961 కాలేజీ ఫైనల్లో సిన్సినాటి యూనివర్సిటీ చేతిలో ఓడిన మంట చల్లారకముందే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో సిన్సినాటి రాయల్సే అతన్ని ఎంచుకుంది. ఆ ఊరికి ఆడే ప్రసక్తే లేదని పైపర్స్‌లో చేరాడు. కెంటకీకి ఆడి 1958లో జాతీయ విజేత జట్టులో ఉన్న జానీ కాక్స్ కూడా ఇక్కడే తేలాడు. వీళ్లందరి మధ్య అసలు రత్నం డిక్ బార్నెట్. 1958, 1959 ఎన్ఏఐఏ టోర్నీల్లో ఉత్తమ ఆటగాడు, మెక్‌లెండన్ ప్రియ శిష్యుడు. ఎన్‌బీఏలో సిరక్యూజ్‌కు రెండేళ్లు ఆడి, గురువు పిలవగానే ఇటు దూకేశాడు. సిరక్యూజ్ ఊరుకుంటుందా? క్లీవ్‌లాండ్ కోర్టుకే వచ్చి కేసు వేసింది. అంతటి ఆటగాడు పోతే ఆ లోటు డబ్బుతో పూడేది కాదని న్యాయమూర్తి సిరక్యూజ్ పక్షాన తీర్పిచ్చాడు. ఒప్పందాలు తెంచుకునే ఆటగాళ్ల కేసుల్లో న్యాయ విద్యార్థులు ఇప్పటికీ ఆ తీర్పు చదువుతారు. చివరికి ఆ చిక్కు వీడి, బార్నెట్ పైపర్స్ జెర్సీ వేసుకోగలిగాడు.

అతని షాట్ చూడ్డానికే జనం వచ్చేవారు. ఎడమచేతి వాటం. పైకి లేస్తూనే మోకాళ్లు మడిచి రెండు కాళ్లూ వెనక్కి విదిలించేవాడు, మడమలు నడుముకు తగులుతాయా అన్నట్టు. ఒళ్లు వెనక్కి వాలుతుంటే చెవి పక్కనుంచి బంతి వదిలేవాడు. ఏ కోచింగ్ పుస్తకమూ ఒప్పుకోని పద్ధతి. మెక్‌లెండన్ దాన్ని దిద్దబోలేదు. బంతి బుట్టలో పడుతోంది కదా!

జనం వచ్చేవారన్నాను గాని, ఆ మాటను కాస్త తగ్గించి చదువుకోవాలి. 1960 లెక్కల ప్రకారం ఎనిమిదిన్నర లక్షలు దాటిన నగరం క్లీవ్‌లాండ్. ఉక్కు మిల్లులు, ఓడరేవు, మూడు షిఫ్టులు. ఆదివారమైతే జిమ్ బ్రౌన్ ఆడే ఫుట్‌బాల్ జట్టు, వేసవిలో బేస్‌బాల్. చలికాలం రాత్రి, సరస్సు మీదినుంచి మంచుగాలి కోస్తుంటే, కొత్త లీగ్ ఆట కోసం పబ్లిక్ హాల్‌కు వచ్చేవాడెవడు? సుమారు 10 వేల మంది పట్టే ఆ హాల్లో ఖాళీ కుర్చీలే ఎక్కువ. ఆ రోజుల్లో ఎన్‌బీఏ పరిస్థితీ పెద్దగా వెలిగిపోతున్నదేం కాదు. ఆ సీజన్లోనే, 1962 మార్చి 2న, హెర్షీ అనే చాక్లెట్ల ఊళ్లో విల్ట్ చాంబర్లేన్ ఒక్కడే 100 పాయింట్లు కొడితే కళ్లారా చూసింది 4,124 మందే.

ఖాళీ కుర్చీలు చూసినకొద్దీ యజమానికి ఒళ్లు మండేది. స్టెయిన్‌బ్రెన్నర్ కోర్టు పక్కనే కూర్చుని రిఫరీల మీద అరిచేవాడు, బెంచ్ దగ్గరికొచ్చి కోచ్‌కు సలహాలిచ్చేవాడు. కమిషనర్ కుర్చీలో కూడా తానే కూర్చున్న సేపర్‌స్టీన్ మందలించాల్సి వచ్చింది. ఇక ఆ సీజన్లో అందరూ చెప్పుకునే ఉదంతం హవాయి చీఫ్స్‌తో ఆట రోజుది. హాఫ్‌టైమ్. ఆటగాళ్లు చెమటలు తుడుచుకుంటున్నారు. గ్రేడీ మెకల్లమ్ అనే ఆటగాణ్ణి అమ్మేశామని కబురు. ఎవరికి? అవతలి గదిలో కూర్చున్న హవాయి జట్టుకే! ఆట సగంలో ఉండగా తన మనిషిని ఎదుటి జట్టుకే అమ్మిన యజమాని గురించి నేను మరెక్కడా వినలేదు. నవ్వొస్తుంది, నిజమే. కానీ పైపర్స్ కుర్రాళ్లకు ఆ క్షణం నవ్వు వచ్చి ఉండదు. సంతలో గిత్త బేరం కూడా అంతకన్నా మర్యాదగా జరుగుతుంది. ఆ గదిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది, బయట హోటళ్లలో గది కోసమే పోరాడిన జాతివాళ్లు.

జనవరి వచ్చేసరికి జీతాల దగ్గర వ్యవహారం తెగింది. చెక్కులు ఆలస్యం కావడం మొదలైంది. ఓడిన కోపం జీతాల మీద చూపడం మొదలైంది. ఫ్యాక్టరీ లీగ్ రోజుల్లో జట్టు ఓడినా నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చేది. ఇక్కడ అద్దెలు కట్టాల్సిన తేదీ వస్తోంది గాని చెక్కు రావడం లేదు. ఆటగాళ్లు కోర్టులో దిగబోమనేదాకా వెళ్లారు. మెక్‌లెండన్ నోరు పారేసుకునే మనిషి కాదు. జీవితమంతా నిబ్బరంగా, పద్ధతిగా, తలుపు తెరిచేదాకా తడుతూ నెగ్గుకొచ్చినవాడు. అలాంటివాడు పత్రికల ముందుకొచ్చి యజమాని తీరును తప్పుబట్టి, ఆటగాళ్ల పక్షాన నిలబడి, జనవరి చివర్లో రాజీనామా ఇచ్చాడు. జనరల్ మేనేజర్ మైక్ క్లియరీ కూడా నిలవలేదు.

మంచి కోచ్ పోయాడు. స్టెయిన్‌బ్రెన్నర్ అదృష్టం ఎలాంటిదంటే, సరిగ్గా ఆ నెలలోనే లాస్ ఏంజెలెస్ జెట్స్ చేతులెత్తేసింది. దాని కోచ్ బిల్ షార్మన్ ఖాళీగా ఉన్నాడు. బోస్టన్ సెల్టిక్స్‌తో నాలుగు ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచి అప్పుడే బయటికొచ్చిన షూటర్ ఆయన. మూతపడే నాటికి జెట్స్ గెలిచినవి 24, ఓడినవి 15. మూతపడాల్సిన జట్టు కాదు, డబ్బే లేదు. షార్మన్ వచ్చి పైపర్స్‌ను కూల్చలేదు, తిరగరాయలేదు. పరుగును అలాగే ఉంచి, దానికి తన క్రమశిక్షణ జోడించాడు. ఆట ఉన్న రోజు పొద్దున్నే ఆటగాళ్లను లేపి తేలికపాటి షూటింగ్ సాధన చేయించే ఆయన అలవాటు, పదేళ్ల తర్వాత లేకర్స్ దగ్గర 33 వరస విజయాలతో పేరుకెక్కింది. ఆ తర్వాత మిగతా ఎన్‌బీఏ జట్లూ అదే దారి పట్టాయి.

ఏప్రిల్‌లో ఫైనల్. ఎదురుగా కాన్సస్ సిటీ స్టీర్స్. లీగ్‌లో అందరికన్నా మెరుగైన రికార్డు వాళ్లదే. కోచ్ జాక్ మెక్‌మహన్. బుట్ట కింద బిల్ బ్రిడ్జెస్. ఆరడుగుల ఆరంగుళాల మనిషి, రీబౌండ్ కోసం లేస్తే తనకన్నా పొడుగువాళ్ల చేతుల్లోంచి బంతి లాక్కునేవాడు. అయిదు ఆటల పోరులో స్టీర్స్ మొదటి రెండూ గెలిచేశారు. ఇంకొక్కటి గెలిస్తే చాలు. జీతాలు సరిగ్గా రాని జట్టు, మధ్యలో కోచ్ మారిన జట్టు, అక్కడే చేతులెత్తేస్తే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. పైపర్స్ మూడోది గెలిచారు. నాలుగోదీ గెలిచారు. అయిదోది కాన్సస్ సిటీలోనే. స్టీర్స్ సొంత గడ్డ మీద, సొంత జనం ముందు పైపర్స్ మూడో విజయం సాధించి టైటిల్ ఎత్తుకుపోయారు.

బార్నెట్‌కు, బార్న్‌హిల్‌కు కాన్సస్ సిటీ కొత్త కాదు. కాలేజీ రోజుల్లో మెక్‌లెండన్ వేలు పట్టుకుని వచ్చి జాతీయ టైటిల్ గెలిచిన ఊరే. ఈసారి బెంచ్ మీద ఆయన లేడు. రికార్డు పుస్తకాల్లో ఆ ఏడాది విజేత కోచ్‌గా షార్మన్ పేరుంటుంది, అది న్యాయమే. ఏబీఎల్, ఆ తర్వాత ఏబీఏ, ఆపైన ఎన్‌బీఏ, మూడు వేర్వేరు లీగుల్లో టైటిల్ గెలిచిన కోచ్ ఆయనొక్కడే. కానీ ఆ జట్టును ఏరింది, దానికి పరుగు నేర్పింది, దాని జీతం కోసం తన కొలువు వదులుకుంది మెక్‌లెండన్. కప్పు మీద పేర్లు చెక్కించే పని నాకప్పగిస్తే రెండు పేర్లూ చెక్కిస్తాను. మెక్‌లెండన్ తర్వాత మళ్లీ క్లీవ్‌లాండ్‌కే వచ్చాడు. 1966లో అదే ఊళ్లోని క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ ఆయన్ని కోచ్‌గా తీసుకుంది. తెల్లవాళ్లు ఎక్కువగా చదివే యూనివర్సిటీకి నల్లజాతి హెడ్ కోచ్ రావడం అదే మొదలు.

టైటిల్ చేతిలో పడ్డాక స్టెయిన్‌బ్రెన్నర్ కళ్లు ఇంకా పైకి లేచాయి. జేబు ఖాళీ, లీగ్ సగం కూలిపోయి ఉంది, తండ్రి ముఖం మాడ్చుకున్నాడు. అతని లెక్క వేరు. ఒహాయోలో పిల్లాడి నుంచి ముసలాడి దాకా ఆరాధించే జెర్రీ లూకాస్ ఆ వేసవిలోనే కాలేజీ నుంచి బయటికి వస్తున్నాడు. అతన్ని పట్టుకుంటే ఎన్‌బీఏ తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని నమ్మాడు.

వచ్చే భాగంలో: జీతానికి తోడు షేర్లు ఎర వేసి లూకాస్‌తో సంతకం చేయించిన 1962 మే నెల, పైపర్స్‌కు ఎన్‌బీఏలో చోటు దొరికినట్టే దొరికి జులై ముగిసేలోగా చేజారిన వైనం, ఆ దెబ్బకు సేపర్‌స్టీన్ లీగ్ డిసెంబరు 31 కూడా దాటలేకపోయిన సంగతి.